ఆ రంగు అక్కడెందుకు పుట్టింది?

(రాజమహేంద్రవరంలో కొత్త ఇల్లు కట్టుకుంటున్నవాళ్లూ, అద్దె ఇళ్లు సర్దుకుంటున్నవాళ్లూ కలిసి ఏర్పాటు చేసుకున్న సమావేశంలో ఒక ఇంటీరియర్ డిజైనర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ ఇంత ఎండలో, గోడల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది కూర్చోగానే ఫోన్ తీస్తారు. "మేడం, మా హాలు ఇదిగో ఇలా ఉండాలి" అని ఒక ఫొటో చూపిస్తారు. తెల్లటి గోడలు, లేత బూడిదరంగు సోఫా, పెద్ద కిటికీ, పక్కన ఒక మొక్క. ఫొటో బాగానే ఉంటుంది. దాన్ని చూసినప్పుడు మీకు కలిగిన హాయి కూడా నిజమైనదే, దాన్ని నేను తక్కువ చేయను. కాకపోతే ఒక మాట అడుగుతాను. ఈ గది ఏ ఊళ్లో ఉంది?

ఆ తెల్లగోడల పద్ధతి ఎక్కువగా ఉత్తర ఐరోపా నుంచి వచ్చింది. స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో డిసెంబరు నెలలో పగలు ఆరు గంటలే. ఆ ఆరు గంటలూ సూర్యుడు నెత్తి మీదికి రాడు, అడుగునే ఏటవాలుగా తిరిగి వెళ్లిపోతాడు. అక్కడివాళ్లకు వెలుతురు అపురూపం. కిటికీలోంచి వచ్చిన కాస్త వెలుగునూ గోడ మింగేయకుండా తిరిగి గదిలోకి చిమ్మాలి. అందుకే గోడ తెలుపు, నేల లేతరంగు చెక్క, కిటికీకి అడ్డం లేదు. వాళ్ల అవసరం అది, దానికి వాళ్లు కనుక్కున్న జవాబు అది.

ఇప్పుడు మన ఊరు చూడండి. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు పడమటి కిటికీ తెరిస్తే ఏమవుతుంది? మన దగ్గర వెలుతురుకు కొరత లేదు, దాని నుంచి తప్పించుకోవడమే మన పని. అదే ధగధగలాడే తెలుపును పడమటి గది నాలుగు గోడలకూ పూసి, నేల మీద తెల్లటి మెరుపు టైల్స్ పరిస్తే కళ్లు చిట్లించుకుని కూర్చోవాలి. చివరికి మందపాటి కర్టెన్ వేసి, పగలే లైటు వేసుకుంటారు. అలా ఎన్ని ఇళ్లు చూశానో! డబ్బు పెట్టి తెలుపు కొనుక్కుని, దాన్ని చీకట్లో దాచుకుంటున్నారు.

ఈరోజు నేను చెప్పాలనుకున్నది ఇదే. మీకు నచ్చిన ప్రతి గది వెనకా, ప్రతి బొమ్మ వెనకా ఒక కారణం ఉంటుంది. ఆ రంగు అక్కడ ఎందుకు పుట్టింది, ఆ బొమ్మ అంత పెద్దగా ఎందుకు ఉంది, ఎవరు ఎక్కడ నిలబడి చూడటానికి దాన్ని గీశారు అని అడగండి. ఆ కారణం మీ ఇంట్లో కూడా ఉంటే ధైర్యంగా తెచ్చుకోండి. లేకపోతే ఎంత అందమైనదైనా మీ గోడ మీద అతకదు.

మన పాత ఇళ్లు ఈ విషయంలో మంచి పాఠశాలలు. కోనసీమ వైపు ఇంకా కొన్ని మండువా ఇళ్లు మిగిలి ఉన్నాయి, వీలైతే ఒకసారి వెళ్లి లోపల కూర్చోండి. వెలుతురు ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న మండువాలోంచి దిగుతుంది. అది ముందు నేల మీద పడి, అక్కడి నుంచి మెత్తబడి చుట్టూ వసారాలకు, గదులకు చేరుతుంది. అందుకే ఆ ఇళ్లలో సున్నం కొట్టిన తెల్లగోడ కూడా కళ్లకు గుచ్చుకోదు. పైగా సున్నం గోడ మెరవదు. చెమ్మను బిగించి పెట్టదు, బూజునూ పురుగునూ దగ్గరకు రానివ్వదు. కొట్టేటప్పుడు కాస్త నీలిమందు కలిపేవాళ్లు, పసుపుదనం తెలియకుండా. గోడ అడుగున జానెడో మూరెడో ఎత్తున జాజు పట్టీ వేసేవాళ్లు గుర్తుందా? వానకు చిమ్మిన ఎర్రమట్టి, అలికేటప్పుడు అంటిన మరకలు ఆ ఎరుపులో కనపడవు. మనకు అదొక అలంకారంగా గుర్తుండిపోయింది. ఇప్పుడు హాల్లో పిల్లలు సైకిల్ తొక్కి, కాళ్లు ఆనించి పాడుచేసేదీ ఆ అడుగు భాగమే. మూడడుగుల ఎత్తు వరకు ఇటుక ఎరుపో, ముదురు మట్టిరంగో కడగడానికి వీలైన ఎమల్షన్‌తో వేయించండి, పైన లేతరంగు ఉంచండి. పాత కారణం అలాగే ఉంది కాబట్టి పాత జవాబూ పనికొస్తుంది.

అలాగని పాతదంతా ఉన్నదున్నట్టు తెచ్చుకోమని అనడం లేదు. తాతగారి ఇంట్లో పటాలు ఎలా ఉండేవో గుర్తు చేసుకోండి. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి దేవతల బొమ్మలు అచ్చు వేయించిన తర్వాత లక్ష్మి, సరస్వతి సామాన్యుల ఇళ్లలోకి రంగుల పటాలుగా వచ్చారు. ఆ పటాలను దూలానికి దగ్గరగా, చాలా ఎత్తున, పైభాగం ముందుకు వంచి తగిలించేవాళ్లు. ఎందుకంటే ఇంటి కప్పు ఎత్తు, మనుషులు కూర్చునేది నేల మీద. కింద నుంచి తలెత్తి చూసేవాళ్లకు అద్దం మీద వెలుగు తళుక్కుమనకుండా బొమ్మ కనబడాలంటే అలా వంచక తప్పదు. ఇప్పుడు మన అపార్ట్‌మెంట్ కప్పు పది అడుగులు. ఫాల్స్ సీలింగ్ చేయిస్తే ఇంకా తగ్గుతుంది. అయినా అలవాటుగా మేకు కొట్టేది మాత్రం ఏడడుగుల పైనే! నిలబడి చూసే చోట బొమ్మ మధ్యభాగం నేల నుంచి అయిదడుగుల లోపు ఉంటే చాలు. సోఫా వెనకైతే సోఫా వీపుకు జానెడు పైన బొమ్మ అడుగు అంచు రావాలి. మీరు దివాన్ మీదో చాప మీదో కూర్చునే గదిలో ఇంకా కిందికి దించండి. గోడకు ఒక పాత న్యూస్‌పేపర్ బొమ్మ సైజులో కత్తిరించి అంటించి, రెండు రోజులు అటూఇటూ తిరుగుతూ చూసి, ఆ తర్వాత డ్రిల్లింగ్ వాణ్ణి పిలవండి.

రంగుల దగ్గరికి వద్దాం. షేడ్ కార్డు ముందు కూర్చుంటే అందరికీ టెన్షనే. వేల రంగులు, గోరంత చదరాలు. అక్కడ ఎంచుకోవద్దు. ఇంట్లో బీరువా తెరవండి. మీకు, మీ అమ్మగారికి, మీ అత్తగారికి బాగా ఇష్టమైన నేత చీర ఒకటి తీసి మంచం మీద పరవండి. ఉదాహరణకు మంగళగిరి నూలు చీర. ఒళ్లంతా సాదా రంగు, సన్నని జరీ అంచు, పల్లూలో కాస్త పని. ఆ నేతగాడు మీకు గది మొత్తం లెక్క గీసి ఇచ్చాడు. చీర ఒంటి రంగు ఎంత ఉందో గదిలో గోడలు అంత ఉంటాయి. అంచు రంగును కర్టెన్లకు, దిండుగలీబులకు వాడండి. పల్లూలో ఉన్న పనితనం అంతా ఒక్క చోట రావాలి, ఒక గోడ మీదో ఒక మూలో. నాలుగు గోడలకూ నాలుగు డిజైన్ల వాల్‌పేపర్ వేయించడమంటే చీర మొత్తం పల్లూగా నేయించుకోవడమే. ఎక్కడ చూడాలో కంటికి తెలియదు.

ఇందులో కలంకారీ గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. శ్రీకాళహస్తిలో ఆ పని జరిగేటప్పుడు దగ్గరుండి చూడాలి. నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి ఎండలో ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకిపోకుండా గీసిన చోటే నిలుస్తుంది. కలం అంటే వెదురు పుల్ల. మొన సన్నగా చెక్కి, దానికి కొంచెం పైన గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ గుడ్డ రంగును పీల్చుకుని ఉంటుంది, వేలితో మెల్లగా నొక్కితే మొనకు దిగుతుంది. గీతకు ఎంత సిరా కావాలో వేలికే తెలుసు. ఇక నల్లరంగు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. కుండలో ఉన్నప్పుడు అది నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలాకే నల్లబడుతుంది. ఇనుము, కరక్కాయలోని వగరు కలిసి గుడ్డలోనే పుట్టించే నలుపు అది. ఎరుపు కావలసిన చోట ముందు పటిక నీళ్లు పూస్తారు, తర్వాత చెట్టు వేరు నుంచి తీసిన రంగులో ఉడకబెడితే పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. నీలిమందు నీలం, కరక్కాయ పువ్వు పసుపు.

ఇంత వివరం ఎందుకు చెబుతున్నానంటే, ఆ గుడ్డలో నలుపు, ఇటుక ఎరుపు, ఆవపసుపు, నీలం పక్కపక్కనే ఉన్నా ఏదీ అరవదు. అన్నీ చెట్టు నుంచీ మట్టి నుంచీ లోహం నుంచీ వచ్చి, అదే కరక్కాయ పట్టిన గుడ్డ మీద నిలబడ్డాయి. కాబట్టి అన్నిటి అడుగునా ఒక లేత పసుపుదనం ఉంటుంది. దాన్ని గదిలోకి తేవాలంటే గోడకు పాలతెలుపు వద్దు. ఆ గుడ్డ అడుగు రంగు, అంటే నానబెట్టిన బియ్యం లాంటి వెచ్చని రంగు వేయించండి. ఎరుపు కుర్చీ గుడ్డలో, నీలం ఒక కూజాలో, నలుపు ఫ్రేముల అంచుల్లో, కిటికీ గ్రిల్‌లో. పెడన వైపు దొరికే బ్లాక్ ప్రింట్ గుడ్డయినా ఇదే లెక్క. టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో అద్దుతారు కాబట్టి డిజైన్ మళ్లీ మళ్లీ వస్తుంది. కర్టెన్లకు, దుప్పట్లకు అది బాగుంటుంది. చేత్తో గీసిన శ్రీకాళహస్తి గుడ్డలో కథ ఉంటుంది, దాన్ని గోడకే ఇవ్వాలి. ఒక్క జాగ్రత్త. సహజ రంగులకు నేరుగా పడే ఎండ శత్రువు. కిటికీకి ఎదురుగోడ మీద పెట్టకండి. అద్దం ఫ్రేము కట్టిస్తే గుడ్డకూ అద్దానికీ మధ్య ఖాళీ ఉండేలా మౌంట్ వేయించండి. మన గోదావరి గాలిలోని చెమ్మకు గుడ్డ అద్దానికి అతుక్కుంటే మరక పడుతుంది.

మిగతా బొమ్మలకూ ఇదే ప్రశ్న వేయండి. చేర్యాల నకాశీ పటం ఉంది. వెనక అంతా ఎర్రటి ఎరుపు, మనుషులు నల్లగీతతో చదునుగా ఉంటారు. ఎందుకలా? ఊరి నడుమ జనం కూర్చుంటే కథ చెప్పేవాళ్లు ఆ పొడుగాటి పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ చూపించేవాళ్లు. వెనక వరసలో ఉన్నవాడికీ కనబడాలి. అంటే దూరం నుంచి చూడటానికి గీసిన బొమ్మ. మీరు దాన్ని కొని మంచం పక్కన, బారెడు దూరంలో పెట్టుకుంటే ఆ ఎరుపు మీద పడుతున్నట్టుంటుంది. పొడుగు వరండా చివరో, గుమ్మంలోంచి అడుగు పెట్టగానే ఎదురుగా కనబడే గోడ మీదో పెట్టి చూడండి, పటం లేచి నిలబడుతుంది.

నిమ్మలకుంట తోలుబొమ్మలను చాలామంది ఫ్రేము కట్టించి గోడకు బిగిస్తారు. నాకు మనసు చివుక్కుమంటుంది. తోలును పల్చగా, వెలుగు చొరబడేలా చేసి, రంగులు వేసి, సన్నని చిల్లులు కొట్టి నగలు చూపించేదంతా వెనక దీపం పెట్టడానికి. గట్టి గోడకు ఆనిస్తే ఆ చిల్లులు నల్ల చుక్కలవుతాయి. అక్కడి కళాకారులు ఇప్పుడు అదే తోలుతో ల్యాంప్‌షేడ్లు చేస్తున్నారు. అది సరైన దారి. తోలుబొమ్మల కళకే అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. హాల్లో ట్యూబ్‌లైట్ ఆపి, మూల అలాంటి దీపం ఒక్కటి వెలిగించండి, రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో ఎవరూ ఫోన్ వైపు చూడరు.

ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రతో చేస్తారు, తరిమెన మీద తిప్పుతూ లక్క రంగు పూస్తారు. నునుపు చేతికి తెలియాలి. అద్దాల షోకేసులో తాళం వేయకుండా, అందే ఎత్తులో చెక్క అలమరలో పెట్టండి. పిల్లలు తీస్తారు, తీయనివ్వండి.

శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల్లో సవర గిరిజనులు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా బొమ్మలు వేస్తారు. మనుషులు, జంతువులు, సూర్యచంద్రులు, అన్నీ ఒక చట్రంలో. వాళ్లకు అది పూజ, దేవతలనూ పెద్దలనూ తలచుకునే పని. అందుకని దాన్ని బాత్రూం టైల్ మీద అచ్చు వేయించమని నన్ను అడిగితే చేయను. కానీ కిటికీలు తక్కువున్న గదిలో ముదురు రంగు మీద తెల్లగీత ఎంత బాగా వెలుగుతుందో అక్కడ నేర్చుకోవచ్చు. మీ ఇంట్లో చీకటిగా ఉండే నడవా ఉందా? దాన్ని తెల్లగా చేయాలని తాపత్రయపడకండి. ఒక గోడ జాజురంగు వేయించి, దాని మీద ఇంట్లో ముగ్గు బాగా వేసే చేతితో తెల్లరంగు ముగ్గు వేయించండి. అమ్మమ్మలకు ఇరవై ఒక్క చుక్కల ముగ్గులు ఇంకా చేతిలోనే ఉన్నాయి. వాకిట్లో వేసింది సాయంత్రానికి చెరిగిపోతుంది, గోడ మీద వేస్తే మనవళ్లు చూస్తారు.

ఊళ్లు తిరిగేటప్పుడు కూడా గోడలూ కప్పులూ చూడండి. లేపాక్షి వీరభద్రాలయానికి వెళ్లినవాళ్లు వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి వచ్చేస్తారు. తలెత్తి కప్పు చూడాలి. పదహారో శతాబ్దపు విజయనగర చిత్రాలు. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం. ఆ స్త్రీల చీరల మీద చారలు, పువ్వులు ఎన్ని రకాలో! లతామండపం స్తంభాల మీద చెక్కిన తీగలనూ గళ్లనూ చీరల అంచులకు తీసుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. హైదరాబాద్‌లో మొహర్రం పీర్లను నిలిపే బాద్షాహీ అషుర్ఖానాలో 1611 నాటి పింగాణీ పలకల పని ఉంది. పసుపు, నీలం, ఆకుపచ్చ ఒకే గోడ మీద. ఎత్తైన నీడ గదిలో బలమైన రంగు ఎలా ఊపిరి పీల్చుకుంటుందో అక్కడ తెలుస్తుంది. అంత దూరం వద్దనుకుంటే మన ఊళ్లోనే దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఆ చిత్రకారుడు 1897లో పుట్టి 1925లోనే పోయారు, ముప్ఫై కూడా నిండలేదు. గ్యాలరీ మొత్తం ఒక్క చుట్టు తిరిగి రావద్దు. నచ్చిన ఒక్క బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడి, అందులో మూడు రంగులు ఏవో కాగితం మీద రాసుకోండి. షేడ్ కార్డు కన్నా ఆ కాగితం ఎక్కువ పనికొస్తుంది.

ఇక ఖర్చు పెట్టే ముందు చేయాల్సిన చిన్న పనులు. ఎంచుకున్న రంగు చిన్న డబ్బా కొని, గోడ మీద రెండడుగుల చదరం రెండు పూతలు వేయించండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటులో మూడుసార్లు చూడండి. బల్బు డబ్బా మీద 6500 కె (కెల్విన్, వెలుగు రంగు కొలత) అని ఉంటే అది చల్లని నీలితెలుపు, మట్టిరంగులను చంపేస్తుంది. 3000 కె అని ఉన్నది పసుపుగా, వెచ్చగా ఉంటుంది. చాలామంది రంగు బాగాలేదని పెయింటర్‌ని తిడతారు, మార్చాల్సింది బల్బు. గోడలో చెమ్మ ఉంటే, పొక్కులు లేస్తుంటే అలంకారం ఆలోచన ఆపేయండి. పైపు ఎక్కడ కారుతోందో, బయట గోడ ఎక్కడ పగిలిందో ముందు చూడండి. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం నెల రోజులు ఆరనివ్వండి. చెమ్మ మీద పుట్టీ, దాని మీద ఖరీదైన ఎమల్షన్ వేస్తే వానాకాలం తిరిగేసరికి పొరలు పొరలుగా ఊడొస్తుంది.

ఇక మీ ప్రశ్నలు.

(ప్రశ్న: అద్దె ఇల్లు. మేకు కొట్టనివ్వరు. ఏం చేయాలి?)

అమ్మా, మీ గోడకు డిస్టెంపర్ ఉందా ఎమల్షన్ ఉందా ముందు చూడండి. అరచేత్తో రుద్దితే పొడి అంటితే డిస్టెంపరో సున్నమో. దాని మీద అంటించే హుక్కులు నిలబడవు, ఒక రాత్రిలో బొమ్మతో సహా కింద పడతాయి. అలాంటి చోట గోడ జోలికి వెళ్లకండి. మోకాలి ఎత్తు చెక్క బెంచీ ఒకటి చేయించి, దాని మీద ఫ్రేములు గోడకు ఆనించి నిలబెట్టండి. కర్టెన్ రాడ్‌కు రెండో వరస కర్ర కట్టి పోచంపల్లి దుప్పటి వేలాడదీయండి. ఇల్లు మారినప్పుడు అన్నీ మీతోనే వస్తాయి.

(ప్రశ్న: మా అత్తగారు దేవుడి క్యాలెండర్లు, పాత పటాలు ఏవీ తీయనివ్వరు. ఉన్న గోడంతా అవే.)

తీయొద్దండి. ఆవిడకు అవి బొమ్మలు కావు, పొద్దున్నే దండం పెట్టుకునే మనుషుల్లాంటివి. మీరిద్దరూ ఒక మధ్యాహ్నం కూర్చుని, ఏ పటం ఎప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడను చెప్పమనండి. కథ ఉన్నవాటిని వేరు చేయండి. వాటికి ఒకే రకం సన్నని చెక్క ఫ్రేములు కట్టించి, దేవుడి గది పక్క గోడ మీద దగ్గర దగ్గరగా, రెండు ఫ్రేముల మధ్య రెండు వేళ్ల సందు ఉంచి, ఆవిడ కూర్చుంటే కంటికి ఎదురుగా వచ్చేలా పెట్టండి. తేదీలు చూసుకునే క్యాలెండర్ ఒక్కటి వంటింట్లోకి వెళ్తుంది. మిగతావి ఆవిడే తీసి లోపల పెడతారు చూడండి.

(ప్రశ్న: మా పాప గోడలన్నీ పెన్సిల్‌తో గీస్తుంది.)

ఎంత వయసు? నాలుగేళ్లా? ఆ పాపకు ఒక గోడ ఇచ్చేయండి. కింది మూడడుగులు బ్లాక్‌బోర్డ్ పెయింట్ వేయించి, కింద చాక్‌పీసు పొడి పడటానికి సన్నని చెక్క తొట్టి బిగించండి. పైన ఒక తాడు కట్టి క్లిప్పులు పెట్టండి, కాగితం మీద వేసిన బొమ్మలు తగిలించడానికి. క్లిప్పులు పాపకు అందే ఎత్తులో ఉండాలి. ఏ బొమ్మ ఉంచాలో, ఏది తీసేయాలో పాపే చూసుకుంటుంది.